మొదటి మాట చేసిన దొంగతనం

"పిన్నీ, నన్ను దొంగని చేసేశారు!" అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోనే బావురుమంది.

పిన్ని అంటే ఆ వీధి వీధంతటికీ పిన్నే. వృత్తి మాత్రం ప్రైవేట్ డిటెక్టివ్. అక్క కొడుకే ఆవిడకి అసిస్టెంటు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనుకునే రకం.

అమ్మాయి ఓ బస్సుల కంపెనీలో ప్రోగ్రామర్. పోయిన సామాను గురించి ప్రయాణికులు రాసేది ఒక పట్టిక, దొరికిన సామాను గురించి కండక్టర్లు రాసేది మరొకటి. రెండింట్లోనూ లక్షల వరసలు. ఇందులో ప్రతిదాన్నీ అందులో ప్రతిదానితో పోల్చడానికి కంప్యూటర్‌కి రోజంతా పట్టేది. ఈమె దాన్ని అరగంటకు తెచ్చింది. అక్క పురిటికని సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి, నూటికొకటి కూడా సొంతదారుకి చేరడం లేదట, అన్నీ వేలానికి పోతున్నాయట. వేలంవాడితో కుమ్మక్కయ్యావంటూ మేనేజర్ ఆమెని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం పోలీసులకి అప్పగిస్తానన్నాడు.

"అరగంటకెలా తెచ్చావే?"

"అరుదైన మాట పట్టుకుని పిన్నీ. 'గొడుగు' అని అందరూ రాస్తారు. 'చిలక పిడి' అని ఏ ఒకరిద్దరో రాస్తారు. అలాంటి మాట రెండువైపులా ఉన్నవాటినే పోలుస్తాను, మిగతావాటి జోలికే పోను."

"భేష్!" అంది పిన్ని. అసిస్టెంటు కూడా భేష్ అన్నాడు, ముక్క అర్థం కాకుండానే.

ఆఫీసులో మేనేజర్ ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. "సాఫ్ట్‌వేర్ బంగారమండీ. టీ చల్లారకముందే పని అయిపోతుంది. ఆ పిల్ల బుద్ధే వంకర."

పిన్ని రెండు పట్టికలూ తెరిపించింది. ప్రయాణికుడు రాసింది: "అయ్యో, మా ఆవిడకి ప్రాణమైన చిలక పిడి గొడుగు." కండక్టర్ రాసింది: "గొడుగు, చిలక పిడి, వెనక సీటు."

"రెండూ ఒకటే కదా పిన్నీ!" అన్నాడు అసిస్టెంటు.

"నీకే తెలిసిందంటే కంప్యూటర్‌కి తెలియకపోవడం విడ్డూరమే" అని, ఆవిడ అందర్నీ పిలిపించింది. వేలంవాడు వస్తూనే "నా దగ్గర రశీదులున్నాయి!" అని అరిచాడు.

"నువ్వు కూర్చో నాయనా, నిన్నెవరూ ఏమనలేదు. మేనేజర్ గారూ, ఈ పిల్ల అరగంట అంటోంది. మీరేమో టీ చల్లారకముందే అంటున్నారు. ఈమె సెలవులో ఉండగా వేగం పెంచిందెవరు?"

మేనేజర్ విరుచుకున్న ఛాతీ కాస్త దించాడు. "చైర్మన్ గారు ఇంకా తొందరగా కావాలన్నారు. మొదటి మాట కలిస్తేనే పోల్చేలా నేనే మార్చాను. అంతే కదండీ?"

"అంతేనా! పోగొట్టుకున్నవాడు ఏడుపుతో మొదలెడతాడు. కండక్టర్ సామానుతో మొదలెడతాడు. అయ్యోలన్నీ ఒక కుప్ప, గొడుగులన్నీ ఇంకో కుప్ప. ఇక కలిసేదెప్పుడు? దొంగా లేడు, దొరా లేడు, ఉన్నదల్లా మీ తొందర. దానికి ఈ పిల్లని జైలుకి పంపబోయారు, సిగ్గులేదూ?"

మేనేజర్ తల దించుకుని కుర్చీ ఖాళీ చేశాడు. అమ్మాయి తన పాత పద్ధతి మళ్లీ పెట్టింది. అరగంటసేపు ఎవరూ కదల్లేదు, అసిస్టెంటు దగ్గు కూడా ఆపుకున్నాడు. అప్పుడు తెర మీద జతలు వరసగా దిగడం మొదలైంది. వేలంవాడు ఈల వేశాడు. అమ్మాయి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీ తప్పు లేదని తేలిపోయిందిగా, ఇంకా ఎందుకే ఏడుపు?" అంది పిన్ని.

"మీకు తేలింది పిన్నీ. తప్పు నాదేనేమోనని నాకు ఇప్పటిదాకా అనుమానమే."