ఇంటిది అని రాసిన చీటీ

ఆ ఇంట్లో అందరికన్నా ముందు నిద్ర లేచేది బాయిలరు. ముందుగదిలో డ్రై క్లీనింగ్ షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. తల్లి ఆరింటికల్లా బాయిలరు వెలిగిస్తే, ఏడింటికి ఆవిరి ఇస్త్రీ పెట్టె బుసలు కొట్టడం మొదలుపెడుతుంది. ఆ బుసలకి తండ్రి లేస్తాడు, తండ్రి దగ్గుకి కూతురు లేస్తుంది. అలారం కొనాల్సిన అవసరం ఆ కుటుంబానికి ఇరవై రెండేళ్లుగా రాలేదు.

ఆ రోజు మాత్రం కూతురు ముందే లేచి తయారై కూర్చుంది. పెద్ద వీధిలో అద్దాల షాపు ఒకటుంది. పేరున్న కంపెనీ బట్టలు, బ్యాగులు అమ్ముతారు. అక్కడ చొక్కా ధర చూసినవాళ్లు సున్నాలు పొరపాటున ఎక్కువ పడ్డాయేమోనని ఇంకోసారి చూస్తారు. ఆ షాపులో సేల్స్ ఉద్యోగానికి ఆమెకి పదింటికి రెండో ఇంటర్వ్యూ.

"నీలం చొక్కా తీసి పెట్టాను. ఆ చేతుల మడత చూడు, కత్తిలా ఉంది," అంది తల్లి.

"మొన్న కూడా అదేగా అమ్మా వేసుకెళ్లింది?"

"అయితే ఏం? మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఉతికాం కదా."

"అది కాదు. మొదటి ఇంటర్వ్యూలో ఆ షాపు మేనేజరు నన్ను పైనుంచి కిందిదాకా ఒక్క చూపు చూసింది. పక్కన కూర్చున్నమ్మాయి బ్యాగు ఒక్కటే మన బాయిలరంత ఖరీదు. వాళ్ల బట్టలు అమ్మాలంటే వాళ్లలా కనిపించాలి. ఒక్క మంచి కోటు కొనుక్కుంటానంటే వద్దన్నావు."

"నువ్వు కొంటానన్నది కోటు కాదు, దాని మీద పేరు. పేరు చలికి అడ్డం పడదు. ఏదైనా పది ఉతుకులయ్యాక మాట్లాడు."

అది ఆవిడ ఊతపదం. ఎంత గొప్ప బట్టైనా సరే, పది ఉతుకుల తర్వాత రంగు నిలిచి, కుట్టు నిలిస్తేనే దానికి ఆవిడ దగ్గర మర్యాద. షాపుకొచ్చేవాళ్లు ఆవిడని చాటుగా పది ఉతుకులావిడ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, లోలోపల కొంచెం గర్వం కూడా.

"ఇంటర్వ్యూలో పది ఉతుకులు చూడరమ్మా. పది సెకన్లు చూస్తారు, అంతే."

"పది సెకన్లంటే ఎక్కువే," అన్నాడు తండ్రి టీ గ్లాసు పట్టుకుని. "మీ అమ్మ నన్ను అంతసేపు కూడా చూడలేదు, పెళ్లికి ఒప్పేసుకుంది."

"అందుకే ఇలా ఏడిసింది," అంది తల్లి.

కూతురు నవ్వలేదు. చొక్కా అందుకుని కాలరు తిప్పి చూసింది. లోపల పిన్నీసుతో గుచ్చిన చిన్న గుడ్డ చీటీ, దానిమీద చెరగని సిరాతో 'ఇంటిది' అని ఉంది. బయటివాళ్ల బట్టలకి నెంబరు చీటీ, సొంత బట్టలకి ఈ చీటీ. ఒకప్పుడు ఈ పద్ధతి లేక తండ్రి ప్యాంటు ఒక పళ్ల డాక్టరుకి చేరిపోయింది. అది తిరిగొచ్చేదాకా ఆయన లుంగీతోనే కౌంటరు దగ్గర కూర్చున్నాడు. 'ఇంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని మళ్లీ చీటీలెందుకే' అని ఆయన వారానికోసారైనా భార్యని ఏడిపిస్తుంటాడు.

కూతురు చీటీ పీకి బల్ల మీద పడేసింది. చొక్కా తొడుక్కుని, పెద్ద సంచీ ఒకటి భుజాన వేసుకుని, "వెళ్లొస్తా" అని ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది.

పదిన్నరకి ఫోను మోగింది. కాలేజీ లెక్చరరు మేడమ్. తొమ్మిదేళ్లుగా వస్తున్న మనిషి. శుక్రవారం తీసుకుంటానన్న ఆకుపచ్చ ఉన్ని కోటు, పేరున్న కంపెనీది, ఇవాళే కావాలట, సాయంత్రం ప్రయాణం పడిందట, ఒంటిగంటకి వస్తానంది.

"ఎప్పుడో రెడీ అయిపోయింది మేడమ్, రండి," అని తల్లి ఫోను పెట్టేసి హ్యాంగర్ల వరస దగ్గరకి వెళ్లింది. రెండొందల పదమూడు ఉంది. రెండొందల పదిహేను ఉంది. మధ్యలో ఖాళీ హ్యాంగరు వేలాడుతోంది. ప్లాస్టిక్ కవరు నాలుగు మడతలు పెట్టి కింద అరలో దాచి ఉంది. అంత నీటుగా మడత పెట్టడం ఆ ఇంట్లో నేర్చుకున్నవాళ్లకే వస్తుంది.



"ఏవండీ, పొద్దున అది పట్టుకెళ్లిన సంచీలో ఏముంది?"

తండ్రి ముఖంలో రంగు మారింది. "ఫైళ్లనుకున్నాను. కొంచెం లావుగా ఉన్నాయనిపించింది."

"ఫైళ్లకి చేతులుంటాయా? సంచీలోంచి ఆకుపచ్చగా బయటికి కనిపించలేదూ మీకు?"

ఆయన తల గోక్కున్నాడు. కనిపించింది మరి. పొద్దున పిల్ల ముఖం చూసి అడగడానికి మనసు రాలేదు.

తల్లి కుర్చీలో కూలబడింది. ఆ షాపుకి ఒకటే కట్టుబాటు. జనం ఇచ్చిన బట్ట ఒంటిమీదకి రాకూడదు. పెళ్లికెళ్లాల్సి వచ్చినా, చలికి వణికినా, ఐదు నిమిషాలకైనా సరే. ఆ కట్టుబాటు పెట్టింది తనే. ఇప్పుడు దాన్ని తప్పింది తన కడుపున పుట్టిన పిల్ల. ఒంటిగంటకి మేడమ్ వస్తే ఏం చెప్పాలి? ఆవిడ నలుగురితో అంటే ఈ వీధిలో తమకి ఇంక బట్టలిచ్చేదెవరు? భయం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

పన్నెండుంపావుకి కూతురు వచ్చింది. కోటు ఒంటిమీదే ఉంది. అమ్మ కళ్లు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"విప్పు," అంది తల్లి.

"అమ్మా, రెండు గంటలకోసం..."

"ముందు విప్పు. తర్వాత మాట్లాడు."

కోటు చేతికి రాగానే తల్లి కళ్లు వాటంతటవే కుడి ముంజేతి మీదకి పోయాయి. రూపాయంత టీ మరక.

"ఇంటర్వ్యూలో టీ ఇచ్చారు. చెయ్యి వణికింది," అంది కూతురు చిన్నగా. "కానీ ఈసారి అందరూ నన్ను మనిషిలా చూశారమ్మా. మేనేజరు లేచి నిలబడి పలకరించింది. కోటు బాగుంది, ఎక్కడిదని కూడా అడిగింది. పుట్టినరోజుకి నాన్న కొనిచ్చాడన్నాను."

"నేనా?" అన్నాడు తండ్రి. ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగింది, భార్య వైపు చూసి ఆరిపోయింది.

తల్లి కాలరు తిప్పింది. లోపల పిన్నీసుతో గుచ్చిన చీటీ, 214, అలాగే ఉంది. "ఇది తియ్యలేదా?"

కూతురు ముఖం పాలిపోయింది. "టీ పడగానే కోటు విప్పమన్నారు. మేనేజరే హ్యాంగరుకి తగిలించింది. తగిలిస్తూ ఒకసారి నావైపు చూసి నవ్వింది. ఎందుకో అనుకున్నా. రేపు పదింటికి ఒకసారి రమ్మంది." గోడకి ఆనుకుంది. "చూసేసిందమ్మా. నా పరువు పోయింది."

"నీ పరువా? ఇరవై రెండేళ్ల నా పరువు సంగతేంటి? ఈ షాపులో మనవని చెప్పుకోడానికి ఏమున్నాయే? ఒక బాయిలరు, రెండు బల్లలు. మిగతావన్నీ జనం నమ్మి ఇచ్చినవి!"

"అదే కదమ్మా నేను చెప్పేది!" కూతురి గొంతు కూడా లేచింది. "పుట్టినప్పటినుంచి చుట్టూ వేల బట్టలు. ఒక్కటీ మనది కాదు. నాకు దక్కింది చీటీ. స్కూలుకేసుకెళ్లిన గౌనుకున్న చీటీ తియ్యడం ఒకసారి నువ్వు మర్చిపోయావు. ఏడాదంతా అందరూ నన్ను 'ఇంటిది' అని పిలిచారు. పెళ్లయినదాన్ని పిలిచినట్టు. నీకు తెలుసా?"

తల్లికి తెలియదు. ఇన్నేళ్లలో పిల్ల ఒక్కసారి కూడా చెప్పలేదు. పిల్ల చీటీలు వద్దని పీకేసుకుంటుంటే, పెంకితనం అనుకుందే తప్ప ఎందుకని అడగలేదు. గోడ గడియారం పన్నెండున్నర చూపించింది.

"చల్లనీళ్లు పట్రా," అంది మెల్లగా. "తెల్లగుడ్డ కూడా."

ఇద్దరూ బల్ల దగ్గర నిలబడ్డారు. తల్లి మరక కింద మడత గుడ్డ పెట్టింది. నీళ్లలో రెండు చుక్కల వెనిగరు కలిపి, అంచునుంచి మధ్యకి అద్దుతూ వచ్చింది. రుద్దలేదు. ఉన్నిని రుద్దితే మరక పోయినా మచ్చ మిగులుతుంది. అది చిన్నప్పటినుంచీ చూస్తున్న కూతురు, అడగకుండానే గుడ్డ మారుస్తూ వచ్చింది. పదిహేను నిమిషాలకి మరక పోయింది. దూరంనుంచి ఆవిరి పట్టి, చేత్తో ఉన్ని దువ్వితే, అక్కడ ఏదో జరిగిందని దేవుడికి కూడా తెలియదు.

"అమ్మా," అంది కూతురు. "మేడమ్‌కి చెప్పకు. మరక లేదు, ఏమీ లేదు. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసుగా."

అంతలో గుమ్మంలో అలికిడైంది. చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే వచ్చింది లెక్చరరు మేడమ్. చేతిలో ఉతకడానికి తెచ్చిన బట్టల సంచీ ఉంది. తల్లి కోటు కౌంటరు మీద పెట్టి, 'మేడమ్...' అని ఆగిపోయింది.  ఇరవై రెండేళ్లలో ఆ కౌంటరు వెనక ఆవిడకి మాట రాకపోవడం అదే మొదటిసారి.

కూతురు తల్లిని చూసింది. ఆ తడబాటు తనవల్ల. అది చూడటం మేనేజరు నవ్వు కన్నా కష్టంగా ఉంది. ముందుకొచ్చింది.

"మేడమ్, మీ కోటు నేను వేసుకున్నాను. ఇవాళ ఇంటర్వ్యూకి. అమ్మకి తెలీదు. చేతి మీద టీ పడింది, అమ్మ పోగొట్టింది. తప్పు నాది. దయచేసి అమ్మని ఏమీ అనకండి."

లెక్చరరు ముఖం గంభీరంగా అయిపోయింది. కోటు ఎత్తి, చెయ్యి వెలుతుర్లో పెట్టి చూసింది. లోపలికి తిప్పి చూసింది. 

"ఎంత అప్పు చేసి కొన్నానో తెలుసా దీన్ని?" అంది చివరికి. "నీ వయసులోనే, నీలాగే, ఒక ఇంటర్వ్యూకి. ఆ ఉద్యోగం రాలేదు. ఏడాదిపాటు దీన్ని చూస్తే ఒళ్లు మండేది."

"మరి ఇన్నేళ్లుగా ఎందుకు ఉంచుకున్నారు?" అంది కూతురు.

"మీ అమ్మ చేతిలో పడింది కాబట్టి. లైనింగు చిరిగితే మార్చింది. ఈ మూడు గుండీలు ఆవిడ వెతికి తెచ్చినవే. మోచెయ్యి దగ్గర పురుగు కొట్టిన చిల్లు ఎక్కడుందో నాకే కనపడదు. ఇందులో ఇప్పుడు సగం కంపెనీవాళ్లది, సగం మీ అమ్మది." కోటు మడిచి చేతిమీద వేసుకుంది. "నాకు కోపంగానే ఉంది. అడిగితే ఇచ్చేదాన్ని కదా."

కూతురు తల వంచుకుంది. లెక్చరరు గుమ్మం దాకా నడిచింది. బట్టల సంచీ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. తల్లి కళ్లు ఆ సంచీ మీదే ఉన్నాయి. మేడమ్ గడప దగ్గర ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, సంచీ కౌంటరు మీద పెట్టింది.

"ఇవి వచ్చే వారానికి. శాలువా మెత్తది, జాగ్రత్త," అని, పైకి చూడకుండా వెళ్లిపోయింది.

తల్లి ఆ సంచీని రెండు చేతులతో దగ్గరకి తీసుకుని ఏడ్చేసింది. కూతురు వచ్చి భుజం మీద తల పెట్టింది.  తండ్రి మాత్రం సంచీలో బట్టలు లెక్కపెట్టాలని గుర్తుచేసి ఇద్దరిచేతా తిట్టించుకున్నాడు.

"ఒక మాట చెప్పనా?" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ. "ఆ కోటు మంచిదే. తొమ్మిదేళ్లలో పద్దెనిమిదిసార్లు నా చేతిమీదుగా వెళ్లింది. ఆ కుట్టు అందరికీ రాదు. పెట్టిన డబ్బుకి తగినదే. అలాంటి కోట్లూ ఉంటాయని పొద్దున మొండికేసి నీతో ఒప్పుకోలేదు."

"మరి పేరు కొంటున్నానని తిట్టావు?"

"పేరుకే డబ్బు పోసినవీ బోలెడు వస్తాయి. రెండో ఉతుక్కే నీరసపడతాయి. ఏది ఏదో తిప్పి చూస్తే నీకూ తెలుస్తుంది. అది చూడకుండా, వాళ్లలా కనిపించాలన్నావు చూడు, అక్కడ కడుపు మండింది నాకు." కాసేపాగి అంది. "ఆ గౌను సంగతి అప్పుడే చెప్పొచ్చు కదే."

"నువ్వు బాధపడతావని."

మర్నాడు పొద్దున బాయిలరు, దగ్గు, అన్నీ వరసగా లేచాయి. కూతురు పదింటికి అద్దాల షాపుకి వెళ్లాలి. కోటు ఎవరిదో, చీటీ ఎక్కడిదో, ఎవరు కొనివ్వలేదో మేనేజరుకి తానే చెప్పాలని రాత్రే అనుకుంది. ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు. అయినా ఎందుకో నిన్నటి వణుకు లేదు.

రాత్రి ఉతికి మళ్లీ చీటీ పెట్టిన నీలం చొక్కాని తల్లి ఇస్త్రీ చేసి, కాలరు లోపలి చీటీ తియ్యడానికి పిన్నీసు విప్పబోయింది. ఇప్పుడు ఆ చీటీని చూస్తే ఆవిడకే కష్టంగా ఉంది.

"ఉండనీ అమ్మా," అంది కూతురు.

"బయటికి కనిపిస్తుందేమోనే."

"కనిపించనీ."

తండ్రి టీ గ్లాసు దించాడు. "మరి ఈ చొక్కా ఎక్కడిదని ఆ మేనేజరు అడిగితే? ఈసారి కూడా నేనే కొన్నానని చెప్పు, నాకేం అభ్యంతరం లేదు."

కూతురు చొక్కా తొడుక్కుని, కాలరు సర్దుకుని, చీటీ ఉన్నచోట ఒకసారి చేత్తో తడిమి చూసుకుంది.

"ఇంటిదే అంటాను నాన్నా," అంది.

తల్లి గబుక్కున ఇస్త్రీ పెట్టె మీదకి వంగింది. ఆవిరి ముఖానికి కొట్టిందని కళ్లు తుడుచుకుంది. పెట్టె ఆవిరి అప్పటికే కట్టేసి ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు.