తిరగేసి చూసే మనిషి

"ఏవండీ, ఇదేమైనా సంతా? మడతపెట్టిన బట్టలన్నీ అలా కుప్పపోశారేంటి?"

పాత బట్టల కొట్టులో కౌంటరు వెనక నుంచి ఆమె వేసిన కేకకి, స్వెట్టర్ల బల్ల దగ్గరున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. చేతిలోని స్వెట్టరు తిరగబడి, చేతులు రెండూ వేలాడేసి, తప్పు చేసి దొరికిపోయినట్టే ఉంది. అతనూ అలాగే ఉన్నాడు.

"సారీ అండీ. మళ్ళీ మడతపెట్టేస్తాను."

"మీ మడత చూస్తూనే ఉన్నాను. దానికన్నా కుప్పే నయం."

అతను నవ్వాపుకున్నాడు. నవ్వేసి ఉంటే పోయేది. ఆపుకోవడం వల్ల ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. విసవిసా వచ్చి ఒక్కో స్వెట్టరూ తీయబోయి ఆగిపోయింది. అన్నీ తిరగేసే ఉన్నాయి.

"లోపలేం వెతుకుతున్నారు? నిధులా?"

"కుట్టు చూస్తున్నానండీ. ఇదిగో, దీన్ని గుడ్డలా కత్తిరించి ఓవర్‌లాక్ మిషన్ కుట్టు కొట్టేశారు. పైకి బావుంటుంది, అంతే. దీనికి చూడండి, గొలుసు కుట్టు. ఏ ముక్కకా ముక్క విడిగా అల్లి, అంచుకి అంచు కలిపారు."

ఆమె ఆ స్వెట్టరు అందుకుని కుట్టు వెంట వేలితో తడిమింది.

ఆ కొట్టు ఆమె పిన్నిది. డిగ్రీ అయినప్పటి నుంచీ మూటలు విప్పి, మంచివి ఏరి, ధర చీటీ కట్టే పని ఆమెది. కొట్టుకొచ్చేవాళ్ళు మెడ దగ్గర కంపెనీ పేరు చూస్తారు, ధర చూస్తారు, ఆ తర్వాత అద్దంలో తమని చూసుకుంటారు. చంకలో కుట్టు ఎలా ఉంది, మోచేతి దగ్గర నేత పలచబడిందా, జేబు మీద గళ్ళు చొక్కా గళ్ళతో కలిశాయా, ఇవన్నీ వెలుతురుకి ఎత్తి చూసేది ఆమె ఒక్కతే. "ఈ చాదస్తం ఎవరిక్కావాలే?" అనేది పిన్ని. ఇన్నాళ్ళకి ఇంకో చాదస్తం మనిషి కనిపించాడు. కనిపించిన మొదటి నిమిషంలోనే తను అతన్ని తిట్టిపోసింది.

ఇంతలో ఒకావిడ నల్ల ఉన్ని కోటు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. "దీనికెంత? కత్తిరించి కుర్చీ దిళ్ళకి గలీబులు కుట్టించాలి."

"అయితే అమ్మనండీ."

"ఏంటీ?"

"ఎవరో మనసు పెట్టి కుట్టిన కోటండీ అది. ఇంకా బోలెడు చలికాలాలు చూస్తుంది. కత్తెర పెట్టేవాళ్ళకి ఇవ్వను. దిళ్ళకి అటుపక్క కర్టెన్లున్నాయి, చూడండి."

ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తిరిగేసరికి అతను ఒక స్వెట్టరు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. నీలం ఊలు, మధ్యమధ్య తుప్పురంగు పోగులు. ఆడవాళ్ళది.

"మీ ఆవిడకా?" అంది.

అతను ఆమెని చూశాడు, కోటు ఆవిడ వెళ్ళిపోయిన గుమ్మాన్ని చూశాడు, చేతిలో స్వెట్టర్ని చూశాడు.

"ఆ... అవునండీ," అన్నాడు.

ఎందుకో తెలియదు గానీ, చీటీ విప్పుతుంటే ఆమెకి దారం ముడి సరిగ్గా కనిపించలేదు.

*

అప్పటి నుంచి మూటలు విప్పే రోజున అతను తప్పకుండా వచ్చేవాడు. వానలో గొడుగు దులుపుకుంటూ, గుమ్మం దగ్గర చెప్పులు రుద్దుకుంటూ. పిన్ని అతనికి 'లోపలికుట్టు' అని పేరు పెట్టింది.

"మీ ఆవిడ ఎంత ఎత్తు?" అని రెండోసారి వచ్చినప్పుడు అడిగింది ఆమె. "సైజు తెలియకుండా ఎన్నని కొంటారు?"

"మీ అంత ఉంటుందండీ."

"లావా, సన్నమా?"

"మీలాగే."

"రంగు?"

అతను కాసేపు తటపటాయించాడు. "మీకు నప్పింది తనకీ నప్పుతుంది."

"బావుంది. అయితే నేనే వేసుకుని చూపిస్తాను, ఉండండి."

బూడిదరంగు కార్డిగన్ అది. గుండీలన్నీ పెట్టుకుని, అద్దం ముందు ఇటు తిరిగి, అటు తిరిగి, "భుజం సరిగ్గా కూర్చుంది, చూశారా?" అంది. అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. "ఏవండీ, భుజం!" అంటే "ఆ, భుజం, భుజం బావుంది" అని కంగారుపడ్డాడు.

ఆ తర్వాత ఆవపిండి రంగుది. ఆ తర్వాత మెరూన్‌ది, మెడ దగ్గర జడ అల్లినట్టుండేది. విప్పి ఇచ్చేటప్పుడు ఊలు తన ఒంటి వేడితో వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం చల్లారకముందే కాగితం సంచిలో పెట్టి అతని చేతికిచ్చేది. అతను రెండు చేతులతో పుచ్చుకునేవాడు.

మిగతా రోజులే ఎటూ కదిలేవి కావు. రాత్రి దుప్పటి కప్పుకుంటే, తను చేతులు దూర్చి తీసిన ఆ స్వెట్టరు చేతుల్లో ఇప్పుడు ఇంకొకరి చేతులున్నాయని గుర్తొచ్చేది. ఆవిడకి ఆ జడ అల్లిక విలువ తెలుసా? ఉతికేటప్పుడు పిండేస్తోందా? తన భర్త పాత బట్టల కొట్టులో నిలబడి ఒక్కో అతుకూ వేలితో తడిమి చూస్తాడని ఆవిడకి ఎవరైనా చెప్పారా? చూడని మనిషి మీద ఇంత అసూయేంటని తనని తనే తిట్టుకునేది. మర్నాడు మూటలు విప్పుతుంటే మాత్రం మంచి అల్లిక చేతికి తగలగానే పక్కకి తీసి దాచేది. ఆవిడ కోసమే. ఆవిడ కోసమైతేనే కదా అతనొచ్చేది.

"నీ లోపలికుట్టు ఇంకా రాలేదేమే?" అనేది పిన్ని.

"నా వాడేంటి పిన్నీ? పెళ్ళయినవాడు."

"ఏమో మరి. మొన్న ఊరికే మీ ఆవిడ పేరేంటి నాయనా అనడిగితే పైకప్పు వంక చూశాడు."

"మొహమాటం మనిషి పిన్నీ."

"పెళ్ళాం పేరుకి కూడా మొహమాటమా! మీ బాబాయి అయితే నా పేరు తప్ప ఇంకోటి పలికేవాడు కాదు, అదీ తిట్టడానికి."

ఆమె నవ్వింది. నవ్వి, వెనక గదిలోకి వెళ్ళి మూటల మధ్య కాసేపు కూర్చుంది.

ఇలా అయితే లాభం లేదనుకుంది. దూరంగా వేరే ఊళ్ళో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ ఉద్యోగం ఉందని ఎప్పుడో చదివి వదిలేసింది. రోజంతా ఒకేరకం జేబుని చూస్తూ కూర్చోవాలి. ఆ పని తలుచుకుంటేనే ఆవలింత వచ్చేది. అయినా అప్లై చేసింది. వచ్చింది.

"నీకది ఇష్టం లేదుగా?" అంది పిన్ని.

"ఇక్కడుండటం ఇంకా కష్టం పిన్నీ."

పిన్ని దగ్గరికి లాక్కుంది. తల నిమిరి ఊరుకుంది.

అతనికి కూడా చెప్పింది. చెప్పకుండా వెళ్ళిపోదామని ఎంత అనుకున్నా, అతను గుమ్మం దగ్గర చెప్పులు రుద్దుకుంటుంటే ఆగలేకపోయింది.

"సోమవారం వెళ్ళిపోతున్నానండీ. ఇక మీ ఆవిడకి మీరే చూసి కొనుక్కోవాలి."

అతని చేతిలోని గొడుగు తెరిచినట్టే ఉండిపోయింది. ఏదో చెప్పబోయాడు. 

"మంచిదండీ," అన్నాడు చివరికి. ఆ రోజు ఏమీ కొనలేదు. తెరిచిన గొడుగు గుమ్మానికి అడ్డం పడితే, దాంతో కుస్తీ పట్టి వెళ్ళిపోయాడు.

*

శనివారం మధ్యాహ్నం ఒకామె చంటిపిల్లని ఎత్తుకుని కొట్టుకొచ్చింది. పిల్ల నెత్తిన ఊలు టోపీ. నీలం రంగు. మధ్యమధ్య తుప్పురంగు పోగులు.

ఆమె చేతిలోని చీటీల కట్ట జారిపోయింది. ఆ ఊలు తను మర్చిపోయేది కాదు.

"ఈ టోపీ... ఎక్కడ కొన్నారండీ?"

"వెనకవీధిలో మందుల షాపు మేడమీద. ఒక తల్లీ కొడుకూ అల్లుతారు. పాత స్వెట్టర్లు విప్పి ఆ ఊలుతో అల్లుతారట. ఎంత మెత్తగా ఉందో చూడండి."

మెత్తగానే ఉంది. అదే బాధ. విప్పేశారు! తను ఏరి, దాచి, తొడుక్కుని చూపించి ఇచ్చినవన్నీ! ఆవిడ ఏమనుకుందో, కట్టుకున్నవాడు ప్రేమగా తెచ్చినవి ఎలా విప్పనిచ్చిందో!

"పిన్నీ, కొట్టు చూసుకో," అని వానలోకి దిగింది. గొడుగు సంగతే గుర్తు రాలేదు.

మేడమీద తలుపు తీసే ఉంది. గదిలో అడ్డంగా కట్టిన కర్రకి ఉతికిన ఊలు వేలాడుతోంది. వంకరలు సాగడానికి ప్రతి చుట్ట కిందా నీళ్ళ సీసా ఒకటి కట్టారు. కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ అల్లుకుంటోంది. ఆవిడ పక్కన అతను. అతని ఒళ్ళో సగం విప్పిన మగవాళ్ళ స్వెట్టరు. దారం నూడుల్స్‌లా మెలికలు తిరుగుతూ వస్తోంది. ఆమెని చూడగానే దారం ఆగిపోయింది.

"నీలం స్వెట్టరు మీ ఆవిడకన్నారు!" అంది ఆమె, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా. "టోపీ చేసేశారు!"

పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఎవరావిడ?"

"ఆంటీ, మీ కోడలు."

"నాకు కోడలా? ఒరేయ్, నీకు పెళ్ళెప్పుడయిందిరా? కనీసం నన్ను పిలవాలనిపించలేదూ?"

అతను లేచి నిలబడ్డాడు. ఒళ్ళోని ఊలు కాళ్ళకి చుట్టుకుంది. "అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. పెళ్ళి కాలేదండీ. ఆ రోజు మీరా కోటు ఆవిడకి ఇవ్వలేదు కదా. నేను విప్పడానికి కొంటున్నానంటే నన్నూ పంపించేస్తారని... మంచి కుట్టయితేనే తెగకుండా ఒకే పోగుగా వస్తుందండీ. కత్తిరించి కుట్టినవి ముక్కలైపోతాయి. అందుకే తిరగేసి చూసేవాణ్ణి."

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు మళ్ళీ వేసుకుని చూపించరుగా."

పెద్దావిడ చేతిలోని అల్లిక పక్కన పెట్టింది.

"నువ్వేనా అమ్మా ఆ కొట్టు అమ్మాయివి?" పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. "అయితే ఇలా రా. నువ్వే అడుగు వీణ్ణి." బీరువా తలుపు బార్లా తీసింది. "నీ దగ్గర కొన్నవాటిలో ఆ నీలంది తప్ప ఒక్కటీ ముట్టుకోనివ్వడు. ఏది తీసినా 'అది వద్దమ్మా, అది వద్దమ్మా' అంటాడు. నేను దేంతో అల్లాలి, వీడి జుట్టుతోనా?"

బూడిదరంగు కార్డిగన్. ఆవపిండి రంగుది. జడ అల్లిక మెరూన్‌ది. అన్నీ హ్యాంగర్లకి, గుండీలన్నీ పెట్టి. ఇన్నాళ్ళూ వాటిలో ఎవరి చేతులూ దూరలేదు.

"అవి విప్పుదామని కూర్చుంటే మీరే కనిపిస్తారు," అన్నాడతను నేలకేసి చూస్తూ. "భుజం సరిగ్గా కూర్చుందా అని అడుగుతూ. ఎత్తూ రంగూ మిమ్మల్ని చూసే చెప్పాను. ఆ ఒక్క 'అవును' తప్ప ఇంకేదీ అబద్ధం కాదండీ."

"ఇన్నాళ్ళూ లేని మనిషిని తలుచుకుని నేను ఏడ్చి చచ్చాను, తెలుసా!" అనేసింది ఆమె. "ఆవిడ మొహం చూడలేకే ఊరు వదిలి పోతున్నాను!"

అన్నాక గానీ ఏమందో తెలియలేదు. తెలిశాక గుమ్మం వైపు తిరిగింది.

పెద్దావిడ అంతకన్నా చురుకు. కర్ర మీంచి ఆరిన ఊలు చుట్ట ఒకటి తీసి, ఆమె రెండు చేతులూ చాపించి వాటికి తగిలించేసింది. "ఇంటికొచ్చినదానివి, కాస్త సాయం పట్టమ్మా. వీడు ఉండ చుడతాడు. నేను టీ పెడతాను." తువ్వాలు ఆమె భుజాల మీద కప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక కదలడానికి లేదు. చేతులు దించితే ఊలంతా చిక్కు. కంట్లోంచి జారుతున్నది తుడుచుకోవడానికి కూడా లేదు. అతను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని కొస అందుకున్నాడు. దారం ఆమె కుడిచేతి మీంచీ, ఎడమచేతి మీంచీ జారుతూ అతని వేళ్ళకి చుట్టుకుంటోంది. అతను లాగినప్పుడల్లా ఆమె చేతులు అటు కొద్దిగా వాలుతున్నాయి.

"సోమవారం వెళ్తారా?" అన్నాడు మెల్లగా.

"ఎవరైనా ఉండమంటే కదా."

"ఉండండి."

"ఎందుకు?"

అతను చుట్టడం ఆపేశాడు. "మూటలు విప్పే రోజు కోసం మిగతా రోజులన్నీ నెట్టుకొస్తున్నానండీ. ఇక నావల్ల కాదు. రోజూ కావాలి మీరు."

ఆమె చేతులు కొంచెం ముందుకి చాపింది, అతనికి అందేలా. అతను మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా అంటే, ఉండ పెరుగుతోందో లేదో కూడా తెలియడం లేదు.

వంటింట్లోంచి కేక వినిపించింది. "ఒరేయ్, ఒక్క చుట్టకి ఇంతసేపేంట్రా?"

"చిక్కు పడిందమ్మా!" అన్నాడు. ఊలు నున్నగా, ఏ మెలికా లేకుండా జారుతోంది.

పెద్దావిడ నమ్మినట్టు లేదు. "నిజమేనా అమ్మాయ్?"

ఆమె అతని కళ్ళలోకి చూసి, గొంతు కాస్త పెంచింది.

"నిజమే అత్తయ్యా. పెద్ద చిక్కే!"

వంటింట్లో చెంచా చప్పుడు టక్కున ఆగిపోయింది.