గంగమ్మకు పసుపుకుంకుమ

పొద్దు పొడవకముందే లేచిన ఓదెమ్మ చేసిన మొదటి పని, రిసార్టు కాటేజీ ముందున్న ఇసుకను ఊడ్చడం. చీపురు దొరక్కపోతే కొబ్బరిమట్ట అందుకుంది. సముద్రపు ఒడ్డున ఎంత ఊడ్చినా ఇసుక కిందా ఇసుకేనని ఆమెకు చెప్పేదెవరు? పాలకుర్తి పక్క ఊళ్లో నలభై ఏళ్లు వాకిలి ఊడ్చిన చెయ్యి ఊరుకుంటుందా!

"చాలుగని కూసో," అన్నాడు భర్త సోమనర్సయ్య, చెట్లకు కట్టిన వల ఉయ్యాలలో కాళ్లు చాపుకొని. "ఈడ ఎవలూ పని జెయ్యరు. ఊకె పండుకొనుటానికే పైసలిచ్చి వస్తరట."

"అయ్యో రామ! గీళ్లకు ఇండ్లూ వాకిండ్లూ లేవా?"

అండమాన్‌లోని ఆ చిన్న దీవికి వాళ్లు వచ్చి రెండు రోజులైంది. ఒక్కగానొక్క కూతురు సౌందర్య అక్కడే, వచ్చిన జనాన్ని సముద్రం అడుక్కి తీసుకుపోయి చేపలు చూపించే కొలువు చేస్తోంది. వీపుకు గాలి సిలిండరు, ఒంటికి అతుక్కున్న నల్లటి డ్రెస్సు. అమ్మానాన్న దీవి చూడ్డానికి వచ్చారని ఆ పిల్ల సంబరపడుతోంది. ఓదెమ్మ వచ్చింది మాత్రం బిడ్డను వెంట తీసుకుపోవడానికి. జనగామలో ఎరువుల దుకాణం ఉన్న సంబంధం కుదిరేలా ఉంది. వాళ్లది ఒక్కటే షరతు, పిల్ల ఆ నీళ్ల కొలువు మానెయ్యాలి. మధ్యవర్తి సారయ్య రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నాడు.

ఇడ్లీ తింటుండగా ఓదెమ్మ కడుపులో మాట కక్కేసింది.

"బట్టలు సదురుకో బిడ్డా. ఎల్లుండి మాతోని నువ్వు సుత వస్తున్నవ్."

సంగతంతా విన్న సౌందర్య చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. "షరతు వెట్టెటోనికి నేనెట్ల నచ్చిన అవ్వా? ఆయనకు నచ్చింది ఇంట్ల కూసునే పిల్ల."

"నీళ్లల్ల పరాయి మొగోళ్ల చేతులు వట్టుకొని తిరుగుడు కొలువా? ఊళ్లె తలెత్తనిస్తలేరు!"

"ఇడిస్తే వాళ్లు బెదిరి ఆగమైతరు. భయపడెటోళ్ల చెయ్యి వట్టుకునుడే నా పని."

"నాకు తెల్వదు. రోజూ పొద్దుగూకంగ నీ ఫోన్ వచ్చేదాక నా గొంతుల ముద్ద దిగదు. నీకేమన్నయితే నేను బతుకుతనా?" అసలు మాట అప్పుడు బయటపడింది.

"అది పిల్లప్పటి సంది…" అని సోమనర్సయ్య నోరు తెరిచాడో లేదో, ఆమె అటు తిరిగింది. "నువ్వు మాట్లాడకు! ఈత నేర్పుతనని నడుముకు డబ్బా కట్టి దీన్ని బాయిల తోసినోనివి నువ్వే!"

ఆయన తల వంచి చట్నీలో ఆవగింజలు లెక్కపెట్టుకున్నాడు.

సౌందర్య కళ్లనిండా నీళ్లతో లేచింది. "తోల్కపోతే వస్త అవ్వా. నీ మాట కాదన. గని గాడ నేను నవ్వుత అనుకోకు."

మాట నెగ్గింది గానీ ఓదెమ్మకు నెగ్గినట్టే లేదు. కొత్త బావి తవ్వినా, చెరువు నిండినా గంగమ్మకు పసుపుకుంకుమ ఇవ్వడం వాళ్లింటి ఆనవాయితీ. ఇంత పెద్ద నీటిని చూసి ఇవ్వకపోవడమే తన తప్పనుకుంది. సంచిలోంచి పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, కొబ్బరికాయ తీసి కొంగులో పెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది.

సముద్రం చాలా వెనక్కి పోయి ఉంది. తడి ఇసుక మీద అంతదూరం నడిచిపోవచ్చు. 'తల్లి దారి ఇచ్చింది' అనుకొని, దూరాన నీళ్ల అంచున ఉన్న రాతిబండ దాకా పోయింది. కొబ్బరికాయ కొట్టింది. పసుపుకుంకుమలు వదిలింది. "నా బిడ్డను నాకు తిరిగియ్యి తల్లీ," అని ఆ బండ మీదే కూలబడి ఏడ్చింది.

ఎంతసేపు ఏడ్చిందో. వాళ్ల ఊరి చెరువు వానలకు నిండితే ఎండాకాలం దాకా నిలిచే ఉంటుంది. పొద్దున పోయిన నీళ్లు మధ్యాహ్నానికి తిరిగొస్తాయని పాపం ఆమెకు ఎలా తెలుస్తుంది? తలెత్తి చూసేసరికి నడిచొచ్చిన ఇసుక లేదు. చుట్టూ నీళ్లే. బండ మీద లేచి నిలబడేసరికి పాదాలు మునిగాయి, చూస్తుండగానే మోకాళ్ల దాకా వచ్చాయి.

"సౌందర్యా! ఓ బిడ్డా!"

ఆ కేకకు ఒడ్డున కలకలం రేగింది. సోమనర్సయ్య ధోవతితోనే నీళ్లలోకి ఉరికాడు. ఆయన్ని దాటుకొని, చేతిలో లైఫ్ జాకెట్‌తో సౌందర్య ఈదుకుంటూ వచ్చేసింది.

"కదలకు అవ్వా, వచ్చిన." జాకెట్ తొడిగి పట్టీలు బిగించింది. "ఈపు నీళ్ల మీద ఆనిచ్చి ఎల్లెలుకల పండుకో. మొగులు జూడు. నేను గుంజుకపోత."

"భయమైతాంది బిడ్డా!"

"భయపడు, ఏం గాదు. చెయ్యి మాత్రం ఇడువకు."

ఒడ్డు చేరేదాకా ఓదెమ్మ ఆకాశం చూడలేదు, కూతురి ముఖమే చూసింది. బెదురు లేదు, తొందర లేదు. నాట్లప్పుడు మడిలో దిగితే తానెంత ధీమాగా ఉంటుందో, ఆ పిల్ల నీళ్లలో అంత ధీమాగా ఉంది. ఇలాంటి పిల్లను ఎరువుల బస్తాల నడుమ కూర్చోబెట్టి, పెళ్లి చేశానని తృప్తిపడబోయానా అని ఆమెకు గుండె తరుక్కుపోయింది. బిడ్డను తిరిగిమ్మని అడిగితే గంగమ్మ నీళ్లలోంచే పంపింది. ఇంకెలా చెప్పాలి ఆ తల్లి!

ఒడ్డున ఇసుకలో ఊపిరి తీసుకుంటుండగానే సోమనర్సయ్య కాటేజీ నుంచి మోగుతున్న ఫోన్ తెచ్చాడు. సారయ్య.

"ఏం చెల్లే, పిల్ల ఒప్పుకున్నదా?"

"సారన్నా, పిలగానికి ఈత వస్తదా?"

"ఈతెందుకు చెల్లే? దుకాణం నడుపుటానికి…"

"రాకుంటే నేర్చుకోమను. నేర్చుకొని ఈడికొచ్చి నా బిడ్డ పని జూడమను. నచ్చితే గప్పుడు మాట్లాడుకుందాం. షరతులు మాత్రం ఉండయి."

ఫోన్ పెట్టేసింది. సోమనర్సయ్య గుడ్లప్పగించి చూశాడు. సౌందర్య తల్లి మెడ చుట్టేసి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఓదెమ్మ తడి కొంగు పిండి బిడ్డ ముఖం తుడిచింది. అవతల పడవ దగ్గర జనం సిలిండర్లు తగిలించుకొని వీళ్ల వైపే చూస్తున్నారు.

"ఇగ పో బిడ్డా. గాడ ఎవలో భయపడుకుంట నీ కోసమే నిలవడ్డరు."