రిమోట్‌లో సెల్స్

'పొగ కన్నా ముందు మీరు మేలుకోండి.' ఊరంతా హోర్డింగుల మీద వెలుగుతున్న ఆ స్లోగన్ రాసింది మనవాడే. యాడ్ ఆఫీసులో అతనికి 'స్లోగన్' అనే పేరు స్థిరపడిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అతనింట్లో స్మోక్ అలారం మూత తీస్తే లోపల సెల్స్ లేవు.

మూత తీసింది అపార్ట్‌మెంట్లలో అలారాలు చెక్ చేసే టెక్నీషియన్ అమ్మాయి. స్టూలు మీద నిలబడి కిందికి చూసింది.

"సెల్స్ ఏవండీ?"

అమ్మ సోఫాలోంచి కదలకుండా రిమోట్ చూపించింది. కాస్త మాడు వాసనకే అది గోల పెడుతుందనీ, సీరియల్‌లో ఒక్క ముక్క వినబడనివ్వదనీ విసుక్కుంది. ఎదురుగా హోర్డింగు మీదున్న మాట రాసింది మావాడేనని గొప్పగా చెప్పింది కూడా.

అమ్మాయి కిటికీలోంచి కనబడుతున్న హోర్డింగునీ, అతన్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. స్లోగన్‌కి తల కొట్టేసినట్టయింది. మనసు మాత్రం ఆ స్టూలు దగ్గరే ఉండిపోయింది.

ఆమె కొత్త సెల్స్ వేసి వెళ్ళింది. ప్రేమలో పడ్డవాడికి బుర్ర పనిచేయదంటారు. మనవాడికి పనిచేసింది, అదే వచ్చిన చిక్కు. మర్నాడు తనే ఆ సెల్స్ పీకి డ్రాయర్లో పడేసి, అలారం పనిచేయడం లేదని కంపెనీకి కంప్లయింట్ పెట్టాడు. ఆమె వచ్చింది, సెల్స్ వేసింది, టీ తాగింది, కబుర్లు చెప్పింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. మళ్ళీ ఆంటీయే తీశారా అని ఆమె అడిగితే, కన్నతల్లి మీదికి నెట్టేసి బుద్ధిగా తలూపాడు.

మూడోసారి కంప్లయింట్ పెట్టిన సాయంత్రం, అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి సీరియల్ ముందు కునుకు తీసింది. పాలు ఇగిరి, గిన్నె మాడి, పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. ఖాళీ అలారం మౌనవ్రతం పట్టింది.

ఆమెను చూడాలని ఆఫీసు నుంచి పరుగున వచ్చిన స్లోగన్‌కి గుమ్మంలో పొగ ఎదురొచ్చింది. అప్పటికే ఆమె వచ్చి, తలుపు బాది అమ్మని లేపి, మంట ఆర్పేసింది. అమ్మ దగ్గుతూ సోఫాలో కూర్చుని ఉంది.

"సెల్స్ తీసింది అమ్మ కాదు, నేనే," అన్నాడు. "మీరు మళ్ళీ వస్తారని."

ఆమె మొహం ఎర్రబడింది. "మీ కంప్లయింట్లన్నీ నాకే ఇమ్మని నేనూ అడిగి తీసుకున్నా. నన్ను చూడాలంటే ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది కదండీ. నేను ట్రాఫిక్‌లో ఆగిపోయుంటే, మీ అమ్మగారు ఏమయ్యేవారు?"

ఊరందరికీ స్లోగన్లు రాసేవాడు అమ్మ పాదాల దగ్గర కూలబడి ఏడ్చేశాడు.

అమ్మ వాడి తల నిమిరింది. తర్వాత, సీరియల్ మంచి పట్టులో ఉండగా, రిమోట్ మూత తీసి సెల్స్ ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. కొడుకుని లేచి స్టూలు పట్టుకోమంది.

ఆమె సెల్స్ వేసి టెస్ట్ బటన్ నొక్కింది. ఇల్లు అదిరేలా అరిచింది అలారం. అమ్మ ఈసారి చెవులు మూసుకోలేదు.

"ఇంట్లో అరిచేవాళ్ళు ఒకరుండాలమ్మా," అంది. "వీడి మీద అరవడానికి నువ్వుండిపోరాదూ?"

ఆమె స్టూలు మీదనుంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"రోజూ అరవాల్సొస్తుందేమో, అత్తయ్యా."