పెళ్లి ఆల్బమ్‌లో స్పిన్నర్

"అన్నం మెతుకులతో అతికించారా?" అన్నాడు శివరామకృష్ణ, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు.

"మరేటి సేత్తాను బాబూ, ఆ పూట ఇంట్లో గమ్ము లేదు. అన్నం ఉంది," అన్నాడు త్రినాథరావు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఆయన కూతురు హరిచందన నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

శివ బాధ శివది. చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చిన క్రికెట్ కార్డుల్ని స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో, స్కూలు బస్సు వెనక సీట్లో, బేరాలాడి మార్చుకుని పోగేశాడు. అదే ప్లాంట్‌లో ఇంజినీరైనా ఆ పిచ్చి వదల్లేదు. ఎడమచేతి స్పిన్నర్ కార్డు ఒక్కటి దొరికితే సెట్టు పూర్తవుతుంది. కార్డుల వాట్సాప్ గ్రూపులో అడిగితే వన్ టౌన్ నుంచి చందన తన దగ్గరుందని జవాబిచ్చింది. రెక్కలు కట్టుకుని వాలాడు.

తీరా చూస్తే ఆ కార్డు త్రినాథరావు పెళ్లి ఆల్బమ్‌లో ఉంది. మూడో తరగతిలో మగపిల్లలు మాయమాటలు చెప్పి చందన మంచి కార్డులన్నీ మార్చేసుకున్నారట. ఏడుస్తూ ఇంటికొస్తే, మిగిలినవైనా ఎవరూ పట్టుకుపోకుండా నాన్న వాటిని ఆల్బమ్ చివర ఖాళీగా ఉన్న నల్ల అట్టల మీద అంటించేశాడు. పెళ్లివారి గ్రూప్ ఫోటో తిప్పగానే ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ కనిపిస్తారు.

"అట్ట చిరక్కుండా తీస్తే కార్డు మీది. చిరిగిందా, మా అమ్మ మిమ్మల్ని చీరేస్తాది," అంది చందన.

ఆ ఆదివారం టీ గిన్నె ఆవిరి పట్టి చూశాడు. మూల కాస్త లేచింది. మరుసటి ఆదివారం తడిగుడ్డతో వచ్చేసరికి అది మళ్లీ బిగుసుకుపోయి ఉంది. ఆ పైవారమూ అంతే. కార్డు పని పది నిమిషాలు, కబుర్లు సాయంత్రం దాకా. ఒక్క కార్డు కోసం జామెట్రీ బాక్స్ ఇచ్చేసి ఇంట్లో తన్నులు తిన్న సంగతి అతను చెప్పేవాడు. కొత్త కార్డుకి అంటుకుని వచ్చే బబుల్‌గమ్ వాసన ఆమె గుర్తుచేసేది. సందులో వాన కురుస్తుంటే ఇద్దరూ ఆల్బమ్ మీదకి వంగి ఏ జట్టు ఏ రంగు వేసుకునేదో వాదించుకునేవారు. ఆమె తలెత్తి చూస్తే అతనికి స్పిన్నర్ సంగతే మరుపుకొచ్చేది.

ముసురు పట్టిన ఓ ఆదివారం, తేమకి కార్డు సగం దాకా లేచి వచ్చింది. ఇంకొంచెం లాగితే చాలు. శివ లాగడం ఆపేశాడు. కార్డు చేతికొస్తే ఇక ఈ గుమ్మం ఎక్కడానికి ఏం సాకు చెప్పాలి? ఇన్నాళ్లూ అసలు మాట ఒక్కటీ చెప్పనే లేదు. షిఫ్ట్ ఉందని గొణిగి లేచి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం వచ్చేసరికి చందన మొహం గంటు పెట్టుకుని తలుపు తీసింది.

"విసుగెత్తిందేటి మా ఇల్లు?"

అతని చేతిలో పెద్ద స్వీటు డబ్బా ఉంది. మూత తీస్తే లోపల కార్డులు, ఒక్కోటి ప్లాస్టిక్ కవరులో. గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ల అబ్బాయే అయినా, పుట్టి పెరిగిన ఊరి భాష కంగారులో బయటపడింది.

"ఆ కార్డు తియ్యొద్దండి. తీసీత్తే నాకిక్కడ పనుండదు. అందుకే నావన్నీ ఇక్కడికే తెచ్చీసినాను. సెట్టు మీ ఇంట్లోనే ఉంటాది. నాను కార్డు కోసం రావట్లేదు. మీ కోసం వత్తన్నాను."

చందన కళ్లు తుడుచుకుంది, నవ్వింది.

"ప్రతి ఆదివారం మీరెళ్లాక, లేచిన మూలకి మెతుకు పెట్టి నొక్కీసింది ఎవరనుకున్నారు?"

లోపలి గదిలోంచి త్రినాథరావు దగ్గి, ఈసారి మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా బాబూ అన్నాడు.