మూడో పిలుపు

భవానీపురంలో మా ఇల్లు డాబా, దాని మీద ఒక గది. కింద నేనూ మావారు ఉమామహేశ్‌గారూ ఉంటాం. మేడ గది మా అమ్మాయి సింధూరిది. సింధూరి పోయి మూడేళ్ళు దాటింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక ఆ గది తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టి కిందికి దిగాను. మళ్ళీ నా చేత్తో తియ్యలేదు.

గదిలో దాని కంప్యూటరు ఉంది. అందులో మా అత్తగారు ఉన్నారు.

మా అత్తగారు చౌడేశ్వరమ్మగారు పెడనలో మగ్గం మీద పెరిగిన మనిషి. మావాళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికొచ్చారో, ఏ పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ కరువులో ఎవరు మగ్గం అమ్ముకున్నారో అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. ఒక వేసవి సెలవులంతా సింధూరి నాయనమ్మని కూర్చోబెట్టి మైకు పెట్టి చెప్పించుకుంది. నలభై ఒక్క రికార్డింగులు. ఆ మరుసటేడు ఆవిడ వెళ్ళిపోయారు, ఆ తర్వాతేడు ఇది. దాని ఫోను ఆస్పత్రి హడావుడిలో ఎక్కడో పోయింది. ఇక ఆ ఇద్దరి గొంతులూ భూమ్మీద ఎక్కడైనా ఉన్నాయంటే ఆ కంప్యూటర్లోనే.

నేను దాన్ని తెరవలేదు. ఉందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. యంత్రాలు కూడా పోతాయని నాకు తెలియదు.

శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున మా ఆడపడుచు కొడుకు లక్ష్మీకాంత్ వచ్చాడు. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో పని వాడికి. గది వాడే తీశాడు, కంప్యూటరు వాడే వెయ్యగలిగాడు. నేను మెట్ల మొదట్లో నిలబడ్డాను. పైనుంచి చప్పుడు వినిపించింది. టక్... టక్... టక్. మగ్గం మీద నాడె ఇటునుంచి అటు పడ్డట్టు. ఒక్క క్షణం మా అత్తగారు మగ్గం గుంటలో కూర్చున్నారేమో అనిపించింది.

వాడు దిగి వచ్చి మెల్లగా చెప్పాడు. హార్డ్ డిస్కు పోతోందట. ఆ చప్పుడు దానిదేనట. పెన్‌డ్రైవ్ పెడితే తీసుకోవడం లేదు. తెలిసిన రిపేరు షాపతనికి ఫోను చేస్తే, ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు, నడుస్తుండగానే లాగెయ్యండి అన్నాడట. దారి ఒక్కటే ఉంది. పైదీ కింద లాప్‌టాపూ ఒకే ఇంటర్నెట్ డబ్బాకి కలిసి ఉన్నాయి కాబట్టి, ఆ లోపలి దారినే ఫైళ్ళు కిందికి తెచ్చుకోవాలి. వాడు పైన ఆ ఫోల్డరుని అందరికీ తెరిచి పెట్టాడు, పాస్‌వర్డు అడగడం తీసేశాడు. అయినా కింద లాప్‌టాపులో పై కంప్యూటరు కనపడలేదు. ఈలోగా వాడికి డ్యూటీ టైమయింది.

"మిగతాది ఫోన్లో చెబుతాను అత్తయ్యా, మీరు చేసెయ్యగలరు. హారతి మాత్రం ఇవ్వకండి దానికి," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. దసరాకి నేను కీబోర్డుకి కుంకుమ పెడితే ఒక అక్షరం పడక సింధూరి నన్ను వారం రోజులు సాధించింది. ఆ సంగతి వీడింకా మర్చిపోలేదు.

నాలుగింటికి ఫోను చేశాడు. బయట మబ్బు పట్టి అప్పుడే దీపాలు పెట్టే వేళలా ఉంది. కృష్ణ మీదినుంచి తడిమట్టి వాసన వస్తోంది. వాడు చెప్పినట్టు లాప్‌టాపులో ఒక నల్ల పలక తెరిచాను. పింగ్ అని కొట్టి, పై కంప్యూటరు నంబరు కొట్టమన్నాడు. చివర ఏడు.

"పింగంటే పిలవడం అత్తయ్యా. మీరు నాలుగుసార్లు పిలుస్తారు. అది బతికుంటే నాలుగుసార్లూ పలుకుతుంది."

నాలుగుసార్లూ పలికింది. నాలుగు వరసలు. నాకు కళ్ళు మసకబారాయి. మనిషి ఇంట్లోనే ఉంది, గుమ్మం మాత్రం కనపడటం లేదంతే అన్నాడు వాడు. పేరుతో వెతక్కుండా ఆ నంబరే పైన గళ్ళో కొట్టించాడు. ఫోల్డరు తెరుచుకుంది. నాయనమ్మ 1, నాయనమ్మ 2, నాయనమ్మ 3... మా అమ్మాయి పెట్టిన పేర్లు.

అన్నీ ఎంచి కాపీ కొట్టాను. పచ్చగీత కదిలింది. చీమలా కదిలింది. వాడు ఫోను పెట్టేశాడు. నేను చౌడేశ్వరీదేవి పటం దగ్గర కూర్చుని గీతకేసి చూస్తూ స్తోత్రం చదువుకుంటున్నాను. పైన టక్... టక్. ఒక్కోసారి చప్పుడు ఆగేది. గీత కూడా ఆగేది. అప్పుడు నా ఊపిరి కూడా. మళ్ళీ టక్ అనేది.

ఆరు దాటాక వాన అందుకుంది. మావారు వన్‌టౌన్లో బట్టల కొట్టునుంచి ఫోను చేసి, నీళ్ళు తగ్గాక వస్తానన్నారు. తెర మీద నలభై పూర్తి. నలభై ఒకటోది మొదలైంది.

కరెంటు పోయింది.

మా ఇన్వర్టరు కింద రెండు లైట్లకీ, ఒక ఫ్యానుకీ, ఇంటర్నెట్ డబ్బాకీ మాత్రమే. మేడ మీదికి లైను లేదు. పైన చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఆస్పత్రిలో విన్నాను, ఒకసారి.

పచ్చగీత మధ్యలో నిలబడిపోయింది. దోవ కనపడటం లేదని, మళ్ళీ ప్రయత్నించమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆ ఒక్కటే. నలభై వచ్చాయి కదా అని ఎవరైనా అనొచ్చు. కానీ నలభై ఒకటోది నాకు తెలుసు. మిగతా వాటిలో సింధూరి ప్రశ్నలు అడిగి ఊరుకుంటుంది. అందులో నవ్వుతుంది.

లక్ష్మీకాంత్‌కి చేశాను. ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచక ఆ నల్ల పలకలో మళ్ళీ పింగ్ కొట్టాను. కరెంటు లేని యంత్రాన్ని పిలవడం ఏమిటని నాకూ తెలుసు. పిల్ల పోయాక కూడా పేరు పెట్టి పిలిచినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి.

పలికింది.

ఒకటి. రెండు. మూడో వరసలో, జవాబు రాలేదని ఉంది. నాలుగోదీ అంతే.

మళ్ళీ కొట్టాను. రెండుసార్లు పలికింది. మూడోసారి లేదు. మళ్ళీ. రెండే.

మా ఇంట్లో పుట్టినవాళ్ళకీ మెట్టినవాళ్ళకీ అందరికీ తెలిసిన మాట ఒకటుంది. చీకటిపడ్డాక ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. మూడోసారి పిలిచాకే పలకాలి. మా అత్తగారు ఇంటికొచ్చిన కొత్తకోడలికి వంటకన్నా ముందు అది నేర్పారు.

లక్ష్మీకాంత్ తిరిగి చేశాడు. చెప్పాను.

"కరెంటు లేకుండా పలకదు అత్తయ్యా. నంబరు సరిగ్గా కొట్టారా?"

చదివాను. చివర ఏడు.

"లాప్‌టాపు మూసెయ్యండి," అన్నాడు. గొంతు మారింది వాడిది. "మావయ్య వచ్చేదాకా వరండాలో కూర్చోండి. నా మాట వినండి."

సరేనన్నాను. ఫోను పెట్టేశాను. అమ్మవారి పటంకేసి చూశాను. తల్లీ, తప్పో ఒప్పో నాకు తెలియదు, ఆ నవ్వు ఒక్కటి ఇప్పించు అనుకున్నాను. మళ్ళీ ప్రయత్నించు అన్నచోట నొక్కాను.

పచ్చగీత కదిలింది.

పైన చప్పుడు మొదలైంది. పొద్దుటిలా ఆగి ఆగి కాదు. టకటక, టకటక... చేయి తిరిగినవాళ్ళు నేసినట్టు, ఊపు తప్పకుండా. గంజి వాసన వచ్చింది. పడుగుకి పట్టించే గంజి. మా ఇంట్లో మగ్గం తీసేసి ముప్పై ఏళ్ళు.

గీత చివరికి చేరింది. చప్పుడు ఆగింది.

నలభై ఒకటి. నొక్కాను.

మా అత్తగారి గొంతు. వేసవి మధ్యాహ్నం, పక్కన ఫ్యాను చప్పుడు. "మనకి నోరారా పిలవడానికి ఊపిరుంటుందే. పోయినవాళ్ళకి రెండు పిలుపులకే సరిపోతుంది. మూడోది బతికున్నవాళ్ళదే." సింధూరి నవ్వింది. "అయితే నేను పోతే బాగా సాధన చేసి మూడోసారి కూడా పిలుస్తాలే నాయనమ్మా. మా అమ్మ పలక్కపోతే ఎలా?" నువ్వు కాదే, ముందు నేను, అని ఆవిడ మందలించారు. వంటింట్లోంచి నేను, ఆ పాడు మాటలేమిటే అని కసిరాను. రికార్డింగు అయిపోయింది.

ఏడుస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. వాన సన్నబడింది. ఇన్వర్టరు కీచుమంటోంది.

మేడ మీదినుంచి...

"అమ్మా."

నేను కదలలేదు.

"అమ్మా."

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది మా అమ్మాయి గొంతే. స్నానాల గదిలో తువ్వాలు మర్చిపోయినప్పుడు పిలిచే గొంతు. రెండయ్యాయి. ఇక ఉండదు. ఉండకూడదు. ఉండకపోతే బాగుండునని అనుకోవాలి కదా. నేను అలా అనుకోలేదు. ఆ నిశ్శబ్దంలో నేను దేవుణ్ణి అడిగింది వేరు. అది రాయలేను.

చాలాసేపటికి...

పైన ఎవరో బరువు ఎత్తుతున్నట్టు ఊపిరి పీల్చిన చప్పుడు. ఎంతో కష్టపడి. అరిగిపోయిన గొంతుతో.

"అ... మ్మా."

"వస్తున్నానమ్మా," అన్నాను.

లేచాను కూడా. ఒక అడుగు వేశాను. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. గుమ్మంలో మావారు, తల నుంచి నీళ్ళు కారుతూ. నా ముఖం చూసి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. ఆ రాత్రి తెల్లారేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నేను మేడ ఎక్కలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను ఎక్కలేదు.

మర్నాడు లక్ష్మీకాంత్ పైకి వెళ్ళి చూశాడు. గొళ్ళెం తీసే ఉందట, నిన్న తానే పెట్టడం మర్చిపోయానేమో అన్నాడు. కంప్యూటరు చచ్చిపోయింది, కరెంటు పోయిన నిమిషమే ఆగినట్టుంది, మళ్ళీ లేవదు అన్నాడు. మరి నలభై ఒకటోది మొత్తం ఎలా వచ్చిందంటే తల గోక్కున్నాడు. అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి వాడి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి దాచాడు. పోనీలే అత్తయ్యా, వచ్చేశాయిగా అన్నాడు.

తర్వాతి శుక్రవారం పూజయ్యాక నలభై ఒకటోది మళ్ళీ పెట్టుకున్నాను. నా కసురుతో అయిపోవాలి. అయిపోలేదు. కాసేపు ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత వాన. ఏప్రిల్లో చేసిన రికార్డింగులో వాన. ఇన్వర్టరు కీచు. పిలుపు. పిలుపు. చాలాసేపటికి మూడో పిలుపు. అది చాలా దగ్గర్నుంచి ఉంది, మైకు పక్కనుంచి. నా గొంతు దూరంగా, కిందినుంచి, వస్తున్నానమ్మా అంది.

తర్వాత మట్టెల చప్పుడు. నావే. మావారు ఎప్పుడూ అంటుంటారు, నీ మట్టెలుండగా ఇంటికి కాలింగ్ బెల్ దేనికి అని. అవి మెట్లెక్కుతున్నాయి. లెక్కపెట్టాను. పదిహేడు. మా మేడకి పదిహేడు మెట్లే. తలుపు తెరుచుకుంది. అక్కడితో ఆగింది.

మావారికి చెప్పలేదు. కానీ ఆయన ఈమధ్య నన్ను చూసి ఉలిక్కిపడుతున్నారు. ఎప్పుడొచ్చావు, చప్పుడే లేదు అంటున్నారు. నేను కాళ్ళకేసి చూసుకుంటాను. మట్టెలున్నాయి. నేల మీద ఆనించి కొడతాను. ఏమీ వినపడదు.

నిన్న సాయంత్రం దీపం పెట్టి, కాఫీ కలిపి, ఆయన్ని పిలిచాను. "ఏమండీ." పలకలేదు. వరండాలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగింది. "ఏమండీ." కిటికీలోంచి కనిపిస్తున్నారు. విన్నారు. తల ఇటు తిప్పి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళమ్మ పెంచిన మనిషి. మూడోదాని కోసం ఆగారు.

నేను నోరు తెరిచాను.