చప్పుడు చెయ్యని మనిషి

పొద్దున్నే బుల్లి చేతిలో ఫోన్ మళ్ళీ కుయ్యిమంది. తెర మీద ఎర్ర అక్షరాల్లో "అనుమానించదగ్గ నడక" అని పడింది. దాని కింద వాళ్ళింటి నడవా, ఆ నడవాలో టీ కప్పు పట్టుకుని గోడవారగా వస్తున్న వాళ్ళమ్మ.

"అబ్బా, మళ్ళీ అమ్మే!" అని విసుక్కుంది బుల్లి.

బుల్లి భర్త పళ్ళ డాక్టరు. పళ్ళు తోముకోవడం ఆయనకు తపస్సుతో సమానం. అయినా నురగ నోటితోనే వచ్చి ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"అత్తయ్యా! నిజం చెప్పెయ్యండి. మేం పడుకున్నాక ఎవరింటికి కన్నం వేసొస్తున్నారు?"

"నీకూ వాటా ఇస్తాలే బాబూ, గోల చెయ్యకు," అంది ఆవిడ నవ్వుతూ. ఆ మాట కూడా గుసగుసగానే అంది. ఎందుకంటే బుల్లి అప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

పొద్దుటి మీటింగులకు ముందు గదే బుల్లి ఆఫీసు. తల్లి లోపలికొచ్చి ఏదో చెప్పబోయింది. బుల్లి తల తిప్పకుండానే అరచెయ్యి పైకెత్తింది. ఆవిడ నోరు మూసుకుని, కప్పు బల్లకు తగిలి టక్కుమనకుండా ముందు చిటికెనవేలు ఆనించి, ఆ వేలి మీదుగా కప్పు దించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఫోన్ ఇంకోసారి కుయ్యిమంది. బుల్లి దాని నోరు నొక్కేసింది.

ఆ ఫోన్ గోలేమిటో చెప్పాలి. బుల్లి, కాలేజీలో తనతో చదివిన ఒక స్నేహితుడు కలిసి చిన్న కంపెనీ పెట్టారు. అతన్ని అందరూ గడ్డం అంటారు, అది ఉంది కాబట్టి. వాళ్ళు తయారుచేసిన కెమెరా మనిషి ముఖం చూడదు, నడక చూస్తుంది. ఒళ్ళు దాచుకుంటూ, ఊపిరి బిగబట్టి, అడుగు తీసి అడుగు వేసే మనిషిని వందమందిలోనైనా పట్టేస్తుంది. సరిగ్గా అలాంటిదే ప్రభుత్వ భద్రతా శాఖకు కావలసివచ్చింది. రేవుల దగ్గర, గోదాముల దగ్గర కాపలాకి కొత్త యంత్రాలు కావాలి, చిన్న కంపెనీలైనా సరే వచ్చి చూపించండి అని ప్రకటన ఇచ్చారు. వడపోతలన్నీ అయ్యి చివర మిగిలిన కొద్దిమందిలో వీళ్ళూ ఉన్నారు. శుక్రవారం ఆఫీసర్లు స్వయంగా వచ్చి చూస్తారు. నచ్చితే కంపెనీ నిలబడుతుంది. నచ్చకపోతే తలుపుకు తాళం, అందరూ తలో దారి.

మామూలు మనుషుల మామూలు నడక ఎలా ఉంటుందో కెమెరాకు తెలియాలని బుల్లి తన ఇంటి నడవాలోనే ఒకటి బిగించింది. భర్త ఏనుగులా నడుస్తాడు, దానికి పట్టలేదు. పాలవాడొచ్చినా, ప్లంబరొచ్చినా కిమ్మనలేదు. ఒక్క అమ్మను చూస్తేనే గుడ్లురుముతుంది. మోకాళ్ళ నొప్పి కాబోలు, వయసు కాబోలు అనుకుని బుల్లి దాన్ని ఎన్ని రకాలుగా సరిదిద్దినా దాని మొండిపట్టు దానిదే.

ఆవిడేమీ మొదటినుంచీ గోడవారన నడిచిన మనిషి కాదు. బడిలో ఆటల టీచరు. మెళ్ళో ఈల, కాళ్ళకు కాన్వాస్ బూట్లు. మైదానంలో ఆవిడ కేకేస్తే పక్కవీధిలో పిల్లలు కూడా వరుసలో నిలబడేవారని చెప్పుకునేవారు. భర్త పోయాక, రెండేళ్ళ కిందట కూతురి దగ్గరకు వచ్చింది. వచ్చిన కొత్తలో ఒకసారి వంటింట్లో గరిటె జారిపడితే, అవతల మీటింగులో ఉన్న బుల్లి తలుపులోంచి "ష్!" అంది. ఇంకోసారి దగ్గు వచ్చినప్పుడు అంది. ఆ తరవాత అనవలసిన అవసరమే పెద్దగా రాలేదు. అమ్మ భలే సర్దుకుపోయిందని బుల్లి స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా చెప్పుకుంది.

మధ్యాహ్నం బుల్లి కంపెనీ ఆఫీసుకు వెళ్ళేసరికి గడ్డం తల జుట్టు పీక్కుంటున్నాడు.

"ఈ నటుల వీడియోలు చూడలేక చస్తున్నా. దొంగలా నడవరా బాబూ అంటే మునివేళ్ళ మీద గంతులేస్తారు. ఆఫీసర్లు నవ్విపోతారు. నిజంగా భయపడే నడక ఒక్కటి కావాలి."

అంతలో బుల్లి ఇంటి కెమెరా పంపిన వీడియో అతని కంటపడింది. కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇదిగో! ఇది కదా నడకంటే! ఆ పాదం దించడం చూడు. ఎవరీవిడ?"

"మా అమ్మరా."

"ముఖం మసక చేసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"అమ్మని అడక్కుండానా?"

"అమ్మ కదా, కేసు పెట్టదులే," అన్నాడు గడ్డం.

బుల్లి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తరవాత ఎంత సిగ్గుపడిందో చెప్పడానికి మాటలు చాలవు. కానీ అప్పటికి మాత్రం హాయిగా, పని తేలిపోయినట్టు నవ్వింది.

శుక్రవారం వచ్చింది. వీడియో చూపించాక ఆవరణలో అసలు పరీక్ష. మామూలు జనం అటూ ఇటూ నడుస్తుంటే వాళ్ళ మధ్య ఒక నటుడు నక్కినక్కి పోతాడు. కెమెరా అతన్ని మాత్రమే పట్టాలి. కంపెనీ ఉద్యోగులు నడవకూడదని, అన్ని వయసుల బయటివాళ్ళూ ఉండాలని శాఖవాళ్ళు ముందే చెప్పారు. గడ్డం వాళ్ళ పెద్దమ్మ వస్తానని మాటిచ్చి, ఆ పొద్దున జ్వరమని పడుకుంది. అతను బుల్లికి చెప్పకుండా ఆమె తల్లికి ఫోన్ కొట్టాడు.

బుల్లి ఆవరణలోకి వచ్చేసరికి వాళ్ళమ్మ అక్కడ కాన్వాస్ బూట్లకు ముడి వేసుకుంటోంది.

"నువ్వెందుకొచ్చావమ్మా?" అంది బుల్లి పళ్ళ బిగువున.

"మీవాడు పిలిచాడే. నీ పనిలో నేనూ ఒక చెయ్యి వేసినట్టుంటుందని..." ఆవిడ ముఖం వెలిగిపోతోంది. అంతలో ఆఫీసర్ల కారు వచ్చింది. వెనక్కి పంపే వ్యవధి లేదు. అమ్మ నడిస్తే కెమెరా గోల పెట్టడం ఖాయం. అందరి ముందు పరువు గంగలో కలవడం ఖాయం.

హాల్లో వీడియో చూసి ఆఫీసర్లు తలలాడించారు. ఆవరణలో నడక మొదలైంది. బుల్లి తెర వంకే చూస్తోంది. అమ్మ వంతు వచ్చింది. చేతులు ఊపుకుంటూ, పక్కనున్న ముసలాయనతో ఏదో గట్టిగా చెప్పి నవ్వుతూ, బూట్లు టపటపమనిపిస్తూ ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకు దర్జాగా నడిచింది. తెర మీద పచ్చరంగు చెక్కుచెదరలేదు. నటుడు గోడ పక్కకు జారగానే ఎర్రగా వెలిగింది. గడ్డం బల్ల కింద బుల్లి చెయ్యి నొక్కాడు. గెలిచేశాం అని దాని అర్థం.

బుల్లికి మాత్రం సంతోషం రాలేదు. మోకాళ్ళూ అవే, వయసూ అదే. మరి ఇంట్లో ఎందుకలా నడుస్తుంది?

ఆ ప్రశ్నే పెద్దాఫీసరు పైకి అడిగింది. ఆవిడ రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, కాపలా ఉద్యోగంతో మొదలుపెట్టి పైకొచ్చింది. ఇందాకటి వీడియో మళ్ళీ వేయించుకుని చూసింది. మంచినీళ్ళ బల్ల దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ బుల్లి తల్లిని చూసింది.

"ముఖం దాచారు గానీ, ఇందులో ఉన్నది ఈవిడే కదూ? ఇది నటనలా లేదు. ఇంత ధీమాగా నడిచే మనిషి అక్కడ ఎవరికి భయపడుతోంది? ఎవరిదా ఇల్లు?"

గడ్డం బూట్ల వంక చూసుకున్నాడు. అందరూ తన వంకే చూస్తున్నారు. నోటికి ఏది ముందొస్తే అదే అనేసింది.

"అది... సెట్ అండీ. ఈవిడ డబ్బులిచ్చి పిలిపించిన మనిషి. ఎలా నడవాలో మేమే చెప్పి చేయించాం."

తల్లి ఆ మాట విన్నది. తన వీడియో వీళ్ళకు చూపించారని ఆవిడకు తెలిసిందే అప్పుడు. గ్లాసు బల్ల మీద పెట్టింది, చిటికెనవేలు ముందు ఆనించి. బుల్లి వంక ఒక్కసారి చూసి ఆఫీసరు వైపు తిరిగింది.

"అవునండీ. చప్పుడు కాకుండా ఎలా నడవాలో ఈ మేడంగారే దగ్గరుండి నేర్పారు."

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కూతురు ఆడిన అబద్ధానికి దన్నుగా నిలబడింది, అంతే. బుల్లికి నిలువునా తల తీసేసినట్టయింది. పరీక్ష అయ్యాక తల్లి మిగతా కూలి మనుషులతోపాటు గేటు దాటి బస్సు కోసం వెళ్ళిపోయింది. కారు తాళాలు బుల్లి చేతిలోనే ఉన్నాయి. ఆఫీసర్లు ఇంకా చూస్తున్నారని పిలవలేదు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి భర్త హాల్లో నిలబడి ఉన్నాడు. గడ్డం ఫోన్ చేసి, జరిగిందంతా తమాషాగా చెప్పేశాడట.

"మీ అమ్మని కూలి మనిషన్నావట?"

"టెన్షన్‌లో నోరు జారిందండీ..."

"నోరు జారడమా? నా క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి పొద్దస్తమానం నోరు తెరవండి, నోరు తెరవండి అని చెప్తాను. ఈ ఇంట్లో ఆవిడ నోరు తెరవగా నేను చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా? నేనూ జోకులేసి ఊరుకున్నాను. నాకూ సిగ్గుగానే ఉంది."

"ఊరుకో బాబూ," అంటూ తల్లి వంటింట్లోంచి వచ్చింది. "పిల్ల పని కోసం ఒక అబద్ధం ఆడాను. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

బుల్లి తల్లి ముఖంలోకి చూడలేకపోయింది. "ఇంట్లో ఎందుకలా నడుస్తావమ్మా?" అని నేలను అడిగింది.

"ఎలా నడుస్తాను? మామూలుగానే కదా. ఏదీ, ఆ వీడియో నన్నూ చూడనీ. అందరూ చూశారుగా."

చూపించక తప్పలేదు. తల్లి కళ్ళజోడు పెట్టుకుని సోఫాలో కూర్చుంది. తెర మీద ఒక ముసలావిడ, ముఖం మసక, గోడను రాసుకుంటూ వస్తోంది. ముందు గది తలుపు దగ్గర ఆగింది. లోపలి మాటలు విన్నది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. తలుపు దాటాక మళ్ళీ వేసుకుంది.

ఆవిడ వీడియో మళ్ళీ మొదటినుంచి వేయించుకుని ఇంకోసారి చూసింది.

"మా అత్తగారింట్లో కొత్తల్లో ఇలాగే నడిచేదాన్ని," అంది చివరికి. "ఆవిడకి పగటిపూట కునుకు తియ్యడం అలవాటు. చప్పుడైతే ఇల్లు పీకి పందిరేసేది. ఉద్యోగం వచ్చి మేం వేరే ఇంటికి మారాక మానేశాననుకున్నాను. ఈల వేసుకుని బతికాను కదే ఇన్నేళ్ళూ. మళ్ళీ ఎప్పుడు మొదలైందో నాకే తెలీలేదు."

బుల్లి ఏడ్చేసింది. చిన్నప్పుడు ఏడ్చినట్టు, ముక్కు కారేలా ఏడ్చింది. మిషన్ తప్పు చెబుతోందని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టింది. అది మొదటిరోజు నుంచీ నిజమే చెబుతోంది. తన ఇంట్లో ఒక మనిషి భయపడుతూ బతుకుతోందని రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది. తనే దాని నోరూ నొక్కింది, అమ్మ నోరూ నొక్కింది.

"నన్ను దొంగగా చూపించినందుకు బాధ లేదే," అంది తల్లి. "ఎవరో పరాయి మనిషినన్నావు చూడు. అక్కడ కాస్త కష్టమేసింది." బుల్లి ఏడిస్తే తల నిమరడం ఆవిడకు అలవాటు. ఈసారి చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

బుల్లి ముఖం తుడుచుకుంది. ఫోన్ తీసి పెద్దాఫీసరు నంబరు కలిపింది, అందరికీ వినపడేలా.

"మేడం, పొద్దున నేను అబద్ధం చెప్పాను. అది సెట్ కాదు, మా ఇల్లు. ఆవిడ కూలికి వచ్చిన మనిషి కాదు. మా అమ్మ. ఆవిడ్ని అడక్కుండానే ఆ వీడియో మీకు చూపించాను. ఆవిడ ఇంట్లో భయపడేది నాకే."



"మీ అమ్మగారని నాకు అప్పుడే తెలిసిందమ్మా," అంది ఆఫీసరు. "మీ ఇద్దరూ ఎడమకాలు ఒకేలా వేస్తారు. మీరు చెబుతారేమోనని చూశాను. మీ యంత్రానికి నేను వంక పెట్టను. కానీ కన్నతల్లినే అడక్కుండా చూపించినవాళ్ళ చేతికి ఊరందరి నడకా ఎలా అప్పగించను? ఈ విడతకి మీ పేరు తీసేస్తున్నాను. నిజం చెప్పారు కాబట్టి వచ్చే విడతకి రావద్దని మాత్రం అనను."

ఫోన్ పెట్టేశాక ఇల్లు బోసిపోయింది. గడ్డానికి చెప్పాలి. రేపు ఆఫీసులో అందరి ముఖాలూ చూడాలి. ఆ తప్పు కూడా తనదే, తప్పించుకోవడానికి లేదు.

"పోయిందా?" అని అడిగింది తల్లి.

"ఈసారికి పోయిందమ్మా."

"అయ్యో." ఆవిడ నిజంగానే బాధపడింది. కాసేపు కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. తరవాత, అడగచ్చో లేదో అన్నట్టు అల్లుడి వంక, కూతురి వంక చూసింది.

"అయితే రేపు నీకు పొద్దున మీటింగులు ఉండవా?"

"ఉండవు."

"అయితే రేపు నేను కాసేపు మాట్లాడొచ్చా? నీకు చెప్పాల్సినవి చాలా ఉండిపోయాయే."

భర్త చటుక్కున తిరిగి ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. బుల్లి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది. ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"రేపెందుకమ్మా. ఇప్పుడే చెప్పు."

తల్లి చెయ్యి మెల్లగా వచ్చి కూతురి తల మీద ఆగింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంచెం తడుముకుని, అలవాటు కొద్దీ గుసగుసగా ఏదో అంది.

"వినపడలేదమ్మా," అంది బుల్లి. "గట్టిగా చెప్పు."